‘ఏం చేయర్రా, ఊరికే చూస్తారంతే’: వార్డులో మా 12 రోజులు

ముందే చెప్పేస్తున్నాను, మా చిన్నోడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఈ మాట మొదట్లోనే ఎందుకంటే, వాడు నిమ్ముతో ఆసుపత్రిలో ఉన్న ఆ 12 రోజులూ నేను రాత్రిళ్లు ఫోన్‌లో ఇలాంటి అనుభవాలు వెతుక్కుని చదివేవాణ్ణి. ముందు గబగబా చివరికి వెళ్లి పిల్లవాడికి తగ్గిందా లేదా చూసుకుని, తగ్గిందంటేనే మళ్లీ పైకొచ్చి చదివేవాణ్ణి. మీకు ఆ అవస్థ అక్కర్లేదు.

వాడికప్పుడు మూడేళ్లు నిండి రెండు నెలలు. 14 కిలోలు. ఐదు రోజులుగా జ్వరం, దగ్గు. మందు వేస్తే దిగేది, నాలుగైదు గంటలకి మళ్లీ ఎక్కేది. ఐదో రోజు సాయంత్రం కడుపు పట్టుకుని నొప్పి నొప్పి అని ఏడవడం మొదలుపెట్టాడు. మేం అజీర్తి అనుకుని పొట్ట నిమురుతూ ఓ రెండు గంటలు గడిపేశాం. ఊపిరితిత్తి కింది భాగంలో నిమ్ము చేరితే చిన్నపిల్లలు చాలాసార్లు దాన్ని కడుపునొప్పి అనే చెబుతారట, ఆ సంగతి మర్నాడు డాక్టరు చెబితే తెలిసింది. రాత్రి బట్టలు మార్చడానికి చొక్కా విప్పిన మా ఆవిడ, ఒకసారి ఇలా చూడు అంది. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఫోన్‌లో నిమిషం పెట్టుకుని లెక్కపెట్టాను, 54. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి నిమిషానికి 40 అంటేనే ఎక్కువ కింద లెక్క.

బయల్దేరాం. దారిలో వాళ్లమ్మ ఒళ్లో పడుకుని అడిగాడు, “నాన్నా, సూది వేస్తారా?”

“ఏం చేయర్రా, ఊరికే చూస్తారంతే” అన్నాను.

నేను రాద్దామనుకున్నది అసలు ఈ ఒక్క మాట గురించే. నిమ్ము, మందులు, గొట్టాలు డాక్టర్లు చూసుకున్నారు, వాళ్ల పని వాళ్లు బాగానే చేశారు. ఈ మాటని సరిచేసుకోవడానికి మాత్రం నాకు చాలా రోజులు పట్టింది.

వెళ్లిన అరగంటలో ఎక్స్‌రే తీశారు. కుడివైపు కింద సగం తెల్లగా ఉంది. ఆక్సిజన్ పెట్టారు. క్యాన్యులా, అంటే మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం, వేయాలని పక్కగదిలోకి తీసుకెళ్లి, నాన్నగారు బయట ఉండండి అన్నారు. ఉన్నాను. తలుపుకి చిన్న అద్దం ఉంది, దాంట్లోంచి కనిపిస్తోంది: వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి ముగ్గురు పట్టుకున్నారు, ఒకరు చెయ్యి, ఒకరు కాళ్లు, ఒకరు భుజాలు. నరం దొరక్క రెండుసార్లు పొడిచారు. ఏడుపు కాదు అది, “నాన్నా, చూస్తారంతే అన్నావుగా” అనే అరుపు. ఆ వాక్యం మొత్తం, ఒక్క ముక్క పోకుండా. మూడేళ్ల వాడు అంత పొడుగు వాక్యం అనగలడని నాకప్పటిదాకా తెలీదు.

ఆ రాత్రి నా దగ్గరికి రాలేదు. వాళ్లమ్మ భుజం మీదే పడుకున్నాడు. మర్నాడు, మూడో రోజు ఏం చేసినా ఏడవలేదు. థర్మామీటరు పెడితే చంక ఎత్తాడు, మందు ఇస్తే నోరు తెరిచాడు. “అలవాటు పడ్డాడు, గుడ్ బాయ్” అంది ఒక సిస్టర్, నాకూ ప్రాణం లేచొచ్చింది. మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. “అలవాటు కాదు, వాడు మన మొహాలే చూడట్లేదు, గమనించావా” అంది. చూస్తే నిజమే. ఏ బొమ్మ ఇచ్చినా చేతిలో పట్టుకుంటాడు తప్ప ఆడడు. గోడకేసి చూస్తూ ఉంటాడు.

ఆ రాత్రి ఫోన్‌లో దీని గురించే వెతుకుతుంటే ఒక పాత సంగతి దొరికింది. ఒకప్పుడు చాలా ఆసుపత్రుల్లో పిల్లల దగ్గర తల్లిదండ్రుల్ని ఉండనిచ్చేవారే కాదట. వస్తే పిల్లలు ఏడుస్తారు, వెళ్తుంటే ఇంకా ఏడుస్తారు, రాకపోతే నాలుగు రోజులకి సర్దుకుంటారు, ఇదీ వాదన. బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆ సర్దుకోవడం ఏమిటో దగ్గర కూర్చుని గమనించాడు. మొదట గొడవ చేస్తారు, తర్వాత ఆశ వదులుకుంటారు, ఆ తర్వాత అమ్మ వచ్చినా పట్టనట్టు ఉండిపోతారు, నెమ్మదించారని మనం సంతోషించేది ఈ చివరిదాన్ని చూసే అన్నాడు. ఆసుపత్రిలో చేరిన ఒక రెండేళ్ల పాప మీద 1952లో డాక్యుమెంటరీ తీస్తే డాక్టర్లకే చాలామందికి కోపం వచ్చింది. 1959లో, ఆసుపత్రుల్లో పిల్లల బాగోగుల మీద వేసిన ప్లాట్ కమిటీ నివేదిక వచ్చాక గానీ, తల్లిదండ్రుల్ని ఎప్పుడు పడితే అప్పుడు రానివ్వాలనేది అక్కడ అధికారికంగా ఒక సిఫార్సు కాలేదు. రాత్రి రెండింటికి, ఆ వార్డులో నడుము పట్టేసే కుర్చీని తిట్టుకుంటూ ఇది చదివి, ఆ కుర్చీ వేయించడానికి కూడా ఎవరో పోట్లాడాల్సి వచ్చిందా అనుకున్నాను. మావాణ్ణి మేం ఒక్క నిమిషం వదల్లేదు, అయినా వాడు గోడకేసి చూస్తున్నాడు. మనిషి పక్కనున్నా మాట మీద నమ్మకం పోతే అంతేనేమో.

మూడో రోజు రాత్రే క్యాన్యులా పాడైంది. చెయ్యి మోచేతి దాకా వాచింది, మళ్లీ వేయాలి. ఈసారి నేనే సిస్టర్ దగ్గరికెళ్లి, సూది పొడిచే చోట మొద్దుబారడానికి రాసే క్రీము ఉంటుంది కదా, రాస్తారా అని అడిగాను. ఉంది. అడిగితే ఉంది. అది రాసి గంటసేపు ఆగాలి, హడావుడిలో ఆ గంట ఎవరికీ ఉండదు, అందుకే అడగందే రాయరు. ఇంకోటి కూడా అడిగాను, వాణ్ణి పడుకోబెట్టకుండా నా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా అని. డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి, ఒక్క క్షణం ఆలోచించి సరే, ట్రై చేద్దాం అంది.

వాడితో చెప్పాను. “నాన్నా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. సూది వేస్తారని నాకు తెలుసు. ఇప్పుడు ఇంకో సూది వేస్తారు. నొప్పి పుడుతుంది. ఏడుపొస్తే ఏడువు. చెయ్యి మాత్రం కదపొద్దు. మనిద్దరం పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది.” వాడు ఏమీ అనలేదు గానీ రెండు రోజుల్లో మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

గుండెకి గుండె ఆనించి కూర్చోబెట్టుకున్నాను, వాడి కాళ్లు నా నడుముకి అటొకటి ఇటొకటి, చెయ్యి నా చంక కిందనుంచి వెనక్కి, అక్కడ డాక్టరమ్మ. లెక్కపెట్టాం. ఒకటి, రెండు, మూడు. ఏడుకి సూది దిగింది, కెవ్వుమన్నాడు కానీ చెయ్యి కదపలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. అవలేదు. ప్లాస్టర్ అంటలేదు, రక్తం ఆగలేదు, చెయ్యి కదలకుండా చెక్క కట్టాలి. నేను పదకొండు అన్నాను. వాడు ఏడుపు ఆపి నా వైపు తిరిగి “పది అన్నావు” అన్నాడు.

నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. నిజం చెబుతున్నాననుకుంటూ మళ్లీ నా చేతిలో లేనిదే మాటిచ్చాను. ఆ రోజు నుంచి లెక్కలు మానేశాను. “ఎంతసేపో నాకు తెలీదు, అయిపోగానే చెబుతా” అనేవాణ్ణి, అయిపోగానే చెప్పేవాణ్ణి. పనిచేసింది అదే. ‘తెలీదు’ అన్న మాటకి పిల్లలు భయపడతారని మనకో అపోహ, మావాడికైతే అది విన్నాకే కాస్త స్థిమితం వచ్చింది.

జ్వరం మాత్రం దిగలేదు. అల్ట్రాసౌండ్ చేసి, నిమ్ము వల్ల ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, అది చిక్కబడి గదులు గదులుగా కడుతోంది, మందులొక్కటే చాలవు, గొట్టం వేసి తీయాలి అన్నారు. మత్తిచ్చి చేస్తారు. సంతకం పెట్టిన కాగితంలో ఏముందో నాకిప్పటికీ గుర్తులేదు. మా ఆవిడకి గుర్తుంది, ఎందుకంటే నేను చదవకుండా పెట్టేశానని కారిడార్‌లో అందరిముందూ కడిగేసింది. ఆ పన్నెండు రోజుల్లో మేం ముచ్చటగా మూడుసార్లు పోట్లాడుకున్నాం, మూడూ కాగితాల మీదే. నిద్రలేని ఇద్దరు మనుషులు పెన్ను ఎక్కడ పెట్టావన్న దాని మీద కూడా విడాకుల దాకా వెళ్లగలరు.

మత్తు ఉదయం తొమ్మిదికి అన్నారు. ఆరు గంటల ముందునుంచి తిండి, పాలు బంద్, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. తొమ్మిదికి ఏదో ఎమర్జెన్సీ వచ్చి మా వంతు వెనక్కి పోయింది, ఎంత వెనక్కో ఎవరూ చెప్పరు. వాడు ఆకలితో మంచం కడ్డీ నాకుతున్నాడు. పదిన్నరకి మా ఆవిడ వెళ్లి, ఒంటిగంటకు గానీ పిలవరంటే ఇప్పుడు నీళ్లయినా ఇవ్వొచ్చు కదా అని అడిగింది. సిస్టర్ థియేటర్‌కి ఫోన్ చేసింది, ఇవ్వొచ్చన్నారు. మేం అడక్కపోయుంటే వాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు లేకుండా ఉండేవాడు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, వాయిదా పడ్డ ప్రతిసారీ గడియారం మళ్లీ మొదటినుంచి చూడాలని ఎవరికీ తట్టలేదంతే.

ఒకటి మాత్రం ముందే చెప్పుంటే బాగుండేది. మత్తు దిగేటప్పుడు వాడు వాడిలా లేడు. కళ్లు తెరిచే ఉన్నాయి, వాళ్లమ్మ ఎదురుగానే ఉంది, “అమ్మ కావాలి” అంటూ అమ్మనే తన్నాడు, గిచ్చాడు. బుర్రకేమైనా అయిందా అని గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఓ అరగంటకి అలాగే నిద్రపోయి, లేచాక మామూలుగా మంచినీళ్లు అడిగాడు. ఈ వయసు పిల్లల్లో ఇది మామూలేనట. మామూలైన సంగతులే మనకెవరూ చెప్పరు, వాళ్లకి రోజూ చూసేవి కదా.

ఆ తర్వాతి నాలుగు రోజులు మా లోకమంతా ఆ సీసానే. పక్కటెముకల మధ్యనుంచి సన్న గొట్టం, ఆ గొట్టం చివర నేలమీద నీళ్లున్న సీసా, అందులో మునిగిన గొట్టంలో నీటిమట్టం వాడు ఊపిరి తీసినప్పుడల్లా కొంచెం పైకీ, కొంచెం కిందికీ. అది కదులుతుంటే గొట్టం మూసుకుపోలేదని అర్థం. సీసా ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే ఉండాలి, ఎత్తితే అందులోవి వెనక్కి పోతాయి. మొదటి రోజు పసుపచ్చగా చిక్కగా వచ్చింది, గొట్టంలోంచి పొద్దున్నా సాయంత్రం ఒక మందు ఎక్కించి నాలుగు గంటలు బిగించి ఉంచి వదిలేవాళ్లు, అప్పుడు పలచబడి బాగా దిగేది. రాత్రి డ్యూటీ నాది. మూడింటికి మెలకువ వస్తే ముందు సీసా చూసేవాణ్ణి, తర్వాత మానిటర్, తర్వాత వాణ్ణి. ఆక్సిజన్ ఎంతుందో చూడడానికి కాలివేలికి పెట్టిన ఎర్రలైటు క్లిప్పు వాడు కదిలితే జారుతుంది, మానిటర్ కూస్తుంది, నా గుండె ఆగుతుంది. నాలుగోసారి లేచి పరిగెత్తుకెళ్తే పెద్ద సిస్టర్ వచ్చి, క్లిప్పు సరిచేసి, స్క్రీన్‌ని నాకు కనపడకుండా పక్కకి తిప్పేసింది. “కూస్తే నాకు వినపడుతుంది, మీరు పడుకోండి” అంది. కోపం వచ్చింది గానీ పది నిమిషాల్లో నిద్రపోయాను.

ఆవిడే ఇంకో రాత్రి సెలైన్ లెక్క చెప్పింది. పంపు మీద గంటకి 50 అని ఉంటే, ఇంత చిన్నవాడికి అది ఎక్కువేమోనని అడిగాను. మొదటి 10 కిలోల బరువుకి కిలోకి 100 మిల్లీలీటర్లు, ఆపైన 20 దాకా కిలోకి 50, మీవాడు 14 కాబట్టి రోజుకి 1200, దాన్ని 24తో భాగించండి అంది. భాగించాను. 50. అంత హాయిగా ఏ లెక్కా ఎప్పుడూ తేలలేదు నాకు.

పగలు మా ఆవిడ, రాత్రి నేను. మారేటప్పుడు ఒక నోటుబుక్కు చేతులు మారేది: ఎన్నింటికి జ్వరం ఎంత, ఏ మందు ఎన్నింటికి, ఎన్నిసార్లు ఉచ్చ పోశాడు, డాక్టర్ని అడగాల్సినవి. రౌండ్స్‌కి వచ్చినప్పుడు సరిగ్గా మనం బాత్రూమ్‌లో ఉంటాం, లేకపోతే బుర్రలో ఉన్నవన్నీ ఎగిరిపోతాయి, అందుకని అడగాల్సినవి పెద్దక్షరాలతో ఒక పేజీ మీద రాసి మంచానికి అంటించాను. డాక్టరు నవ్వి, జవాబులు ఆ కాగితం మీదే రాసి వెళ్లాడు. ఫోన్ల బాధ కూడా ఉంది. అందరిదీ ప్రేమే, కాదనను, కానీ అదే కథ ఇరవైసార్లు చెబితే ఇరవైసార్లూ భయం కొత్తగా వేస్తుంది. మా బావమరిదికి అప్పగించాను, రోజూ రాత్రి ఒక మెసేజ్ వాడికి పెడితే వాడే అందరికీ చెప్పేవాడు. “నాకెందుకు చెప్పలేదు” అని అలిగినవాళ్లని తర్వాత చూసుకుందామనుకున్నాం. ఇంకా చూసుకోలేదు.

పెద్దదాన్ని మేం దాదాపు మర్చిపోయాం. ఏడేళ్లు, అమ్మమ్మ దగ్గర ఉంది, ఫోన్‌లో బాగున్నాను అంటుంది, సరే అనుకున్నాం. ఆరో రోజు అత్తయ్య ఫోన్ చేసి, “బాబూ, పిల్ల సరిగ్గా తినట్లేదు, ఒక్కసారి మాట్లాడు” అన్నారు. చాలాసేపు నసిగి నసిగి అడిగింది: “నాన్నా, వాడు నా బొమ్మ లాక్కుంటే ఛాతీ మీద నెట్టాను కదా, అందుకే అక్కడ నీళ్లొచ్చాయా?” జ్వరం రావడానికి ముందురోజు సంగతి అది. వారం రోజులుగా ఆ భయం మోస్తోంది, ఎవరికీ చెప్పకుండా. కాదమ్మా, కంటికి కనపడనంత చిన్న క్రిమి వల్ల అని ఎంత చెప్పినా ఊఁ అంది తప్ప నమ్మినట్టు లేదు. చిన్నపిల్లల్ని వార్డులోకి రానివ్వరు, పెద్ద సిస్టర్ని బతిమాలి పది నిమిషాలకి ఒప్పించాం. వచ్చి వాణ్ణి కాదు, ముందు సీసాని చూసింది, వంగి, చాలాసేపు. వాడు గర్వంగా “నేను ఊపిరి తీస్తే అది ఎగురుతుంది, చూడు” అన్నాడు. ఇద్దరూ కలిసి సబ్బు నురగ బుడగలు ఊదారు, ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి వాడికి అదే వ్యాయామం, రోజుకి నాలుగుసార్లు ఊదమంటే మాతో ఒక్కసారీ ఊదలేదు, అక్కతో సబ్బునీళ్లు అయిపోయేదాకా ఊదాడు. ఆ రాత్రి అది అన్నం తినిందట.

ఎనిమిదో రోజు గొట్టం తీశారు. జ్వరం దాంతోనే పోతుందనుకున్నాను, గొట్టం వేశాక కూడా కొన్నాళ్లు వస్తూనే ఉంటుందని చెప్పారు, అలాగే రోజుకి కాస్త తగ్గుతూ పదో రోజుకి ఆగింది. పన్నెండో రోజు నోటి మందులు రాసిచ్చి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాక అంతా అయిపోయిందనుకున్నాం గానీ ఇంకో నెల ఉంది. పక్క తడపడం ఎప్పుడో మానేసినవాడు మళ్లీ మొదలుపెట్టాడు. బాత్రూమ్‌కి వెళ్లినా వెంట రావాలి. తెల్లచొక్కా వేసుకుంటే విప్పేదాకా గోల. అక్కని కారణం లేకుండా కొట్టేవాడు, అది కూడా తిరిగి కొట్టకుండా నిలబడేది, ఆ నిలబడడం చూస్తే నాకు దిగులేసేది. ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లలు కొన్ని వారాలు ఇలా వెనక్కి వెళ్లడం సహజమే, తిట్టకండి అన్నారు డాక్టరు. తిట్టలేదు అని రాయాలనుంది. రెండుసార్లు తిట్టాను. నాలుగో వారంలో ఒకరోజు బొమ్మ లాక్కుంటే అక్క వాడికి ఒక్కటిచ్చింది, వాడు ఏడ్చుకుంటూ వచ్చి చాడీ చెప్పాడు, మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏమీ అనలేదు.

ఐదు వారాలకి మళ్లీ ఎక్స్‌రేకి రమ్మన్నారు. దారిలో అదే ప్రశ్న వేశాడు, “సూది వేస్తారా?”

“తెలీదురా. వెళ్లాక అడుగుదాం” అన్నాను.

డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే నేను నోరు తెరిచేలోపు వాడే అడిగేశాడు. లేదమ్మా, ఇవాళ ఫొటోనే అన్నాడాయన. వాడు ఆయన్ని పట్టించుకోలేదు, తల ఎత్తి నా వైపు చూశాడు. నేను ఆయన్ని మళ్లీ అడిగాను, రక్తం ఏమైనా తీస్తారా, ఖచ్చితంగా లేదా అని. ఖచ్చితంగా లేదు అన్నాడు. “లేదటరా” అన్నాను.

అప్పుడు చొక్కా పైకెత్తాడు, తనే.